పెట్టె పోయిన చుట్టలు

మా బావ ఓడ ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ రేవు రేవునా కొన్న సిగార్లను తెచ్చి విజయనగరంలోని మా ఇంట్లో దాచేవారు. మేమిద్దరం వాటిని కాల్చింది తక్కువ, చూసి మురిసిందే ఎక్కువ. ఈ వేసవిలో వాటికొక పట్టిక రాద్దామని కూర్చున్నాను. ఉన్నవి 143, అందులో 51 చుట్టల ఎదుట పేరు రాయవలసిన గడి ఇప్పటికీ ఖాళీగానే ఉంది.

తప్పు నాదే. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపానుకు అటక కారి పెట్టెలు తడిసిపోతే, బూజు పడుతుందన్న ఆత్రంలో చుట్టలన్నిటినీ ఒకే స్టీలు డబ్బాలోకి మార్చి, నానిన చెక్కపెట్టెలను బయట పారేశాను. క్యూబా సిగారు జాతకమంతా దాని పెట్టె అడుగునే ఉంటుందని అప్పటికి నాకు తెలియదు. తయారుచేసిన కర్మాగారాన్ని సూచించే అక్షరాలూ, పెట్టెకెత్తిన నెలా, సంవత్సరమూ అక్కడే ముద్ర వేస్తారు. గత శతాబ్దం చివరి ఏళ్ల దాకా ఈ తేదీని కూడా గుట్టుగా ఉంచేవారు: ‘నివెల్ అకూసో’ (NIVELACUSO) అనే మాటలోని పది ఇంగ్లీషు అక్షరాలను వరుసగా ఒకటి నుంచి సున్నా దాకా అంకెలుగా వాడేవారు. తరువాత స్పానిష్ నెల పేరులోని మొదటి మూడు అక్షరాలు వేయడం మొదలుపెట్టారు. ఎలాగో మిగిలిన ఒక పెట్టె మీది ‘ఎ.జి.ఓ. 09’ను నేను చాలాకాలం కొట్టు పేరనుకున్నాను. అది 2009 ఆగస్టు.

పెట్టె లేకపోతే కొలతైనా చెబుతుందని గంటస్తంభం దగ్గర ఒక కంసాలిని అడిగి, సన్నని కొలతలు తీసే వెర్నియర్ తెచ్చుకున్నాను. సిగారు లావును అంగుళంలో 64వ వంతుల్లో లెక్కిస్తారు కనుక 50 అంటే దాదాపు 19.8 మిల్లీమీటర్లు. తీరా కొలిస్తే చిక్కు మరింత బిగిసింది: కొహీబా రొబుస్తో, పార్తగాస్ సెరీ డి నంబర్ 4, ఓయో దె మాంతెరే ఎపిక్యూర్ నంబర్ 2, ఈ మూడు క్యూబా రకాలూ 124 మిల్లీమీటర్ల పొడవు, 50 లావే. చుట్ట చుట్టూ పేరుతో ఉండే కాగితపు పట్టీ, అంటే బ్యాండు, ఉంటే గొడవ లేదు గానీ, మే నెల ఎండకు చుట్ట ఎండి సన్నబడితే బ్యాండు దానంతటదే జారిపోతుంది. డబ్బా అడుగున తొమ్మిది బ్యాండ్లు దొరికాయి, ఏది దేనిదో తెలియదు. పైగా బ్యాండు కూడా మొత్తం చెప్పదు. కొహీబా పేరుతో క్యూబాలో ఒకటి, డొమినికన్ రిపబ్లిక్‌లో మరొకటి తయారవుతాయి; రెండోదాని పేరులోని ‘ఓ’ అక్షరం మధ్య ఎర్రచుక్క ఉంటుందని తెలిశాక మూడు చుట్టల పద్దు కొట్టివేసి తిరగరాశాను.

రంగుల దగ్గర మాత్రం స్పానిష్ మాటలు వదిలేశాను. బెల్లం రంగు, కుంకుడుకాయ రంగు, చింతపిక్క రంగు అని రాసుకుంటే మా ఇంట్లో ఎవరైనా సరిచూడగలరు. ఏళ్లు గడిచేకొద్దీ ఆకు నల్లబడుతుంది కాబట్టి పక్కన చూసిన తేదీ కూడా వేస్తున్నాను.

మా మామ్మ అడ్డపొగ తాగేది. నిప్పున్న కొసను నోట్లో పెట్టుకునే ఆ అలవాటు మా ఉత్తరాంధ్ర ఆడవాళ్లలో ఎందరికో అంగిలి క్యాన్సర్ తెచ్చింది. ఆమె లెక్కలో చుట్టకు పేరుండేది కాదు, చుట్టినవాడికే పేరు.

ఇప్పుడు ప్రతి చుట్టకూ దారంతో అంకె కట్టి, ‘చూసినది’, ‘ఊహించినది’ అని రెండు గడులు వేరుగా పెట్టాను. ఫోనులో ఈ సంగతి చెబితే బావ, “ఏటిరా, అన్నీ పొగాకే కదా” అని నవ్వారు గానీ, 87వ నంబరు ఫొటో పంపగానే అది ఏ రేవులో కొన్నదో ఠక్కున చెప్పారు. పేరు మాత్రం ఆయనకూ గుర్తు లేదు. ఆ గడిలో రేవు పేరే రాశాను.