అరిచేతులు, అరికాళ్లు

దురద మొదట అరికాళ్లలో మొదలైంది. నాకు అప్పుడు 32వ వారం, మే నెల మధ్య. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలని, ఎనిమిదో నెల వస్తే కడుపుతో ఉన్న పిల్లను గడప దాటించకూడదని, అమ్మ ఏప్రిల్ చివర్లోనే విజయవాడ వచ్చి సత్యనారాయణపురంలోని మా ఇంటి నుంచి నన్ను గుంటూరు తీసుకువచ్చింది. బ్రాడీపేటలో మాది పాత ఇల్లు. ముందు గదుల్లో టైల్స్ వేయించారు కానీ వెనక గదిలో ఇప్పటికీ నాపరాళ్లే ఉన్నాయి. ఆ నెలంతా ఆ రాళ్లే నన్ను కాచాయి.

పగలు ఏదో ఒక పనిలో పడితే దురద అంతగా తెలిసేది కాదు. దీపాలు ఆర్పి పడుకున్నాక మొదలయ్యేది. చర్మం పైన కాదు, అడుగున ఎక్కడో, గోరు అందని చోట. గోకితే మంట పుట్టేది తప్ప దురద తగ్గేది కాదు. నాలుగు రోజులకు అరిచేతులకు పాకింది. రాత్రి రెండు గంటలకు లేచి వెనక గదిలోకి వెళ్లి, గోడకు చేరగిలబడి, నాపరాయి మీద అరికాళ్లు ఆనించి కూర్చునేదాన్ని. కాలి కింద రాయి వేడెక్కగానే పక్క రాయి మీదికి జరిగేదాన్ని. అలా జరుగుతూ జరుగుతూ, కోడి కూసే వేళకు గదిలో ఈ మూల నుంచి ఆ మూలకు చేరేదాన్ని.

ఇంట్లో అందరికీ కారణం తెలుసు. గుంటూరు ఎండలు కదా, ఒళ్లు వేడి చేసిందని అమ్మ సబ్జా గింజల నీళ్లు, పలచని మజ్జిగ తాగించింది. వేపాకు మరిగించి స్నానానికి నీళ్లు తోడింది. నాయనమ్మ వంకాయ మాన్పించింది, గోంగూర మాన్పించింది. పొట్ట సాగుతోంది కాబట్టి దురద మామూలేనని, కొబ్బరినూనె రాసుకోమని అత్తయ్య ఫోనులో చెప్పారు. ఎవరినీ తప్పు పట్టలేను. పొట్ట సాగేటప్పుడు దురద పెడుతుంది, ఎండాకాలంలో చెమటకాయలూ లేస్తాయి. అయితే నా ఒంటి మీద ఒక్క పొక్కు లేదు, ఒక్క దద్దురు లేదు. నేను గీరుకున్న గీతలే ఉన్నాయి. ఆ తేడా ఎవరికైనా చెప్పాలని నాకు అప్పుడు తోచలేదు.

ఆ రోజుల్లోనే పురిటి ఏర్పాట్లు మొదలయ్యాయి. అమ్మ పెట్టె అడుగు నుంచి పాత నూలు చీరలు తీసింది. ఎన్ని ఉతుకులు ఉతికారో, పట్టుకుంటే చేతిలో ఉన్నట్టే ఉండవు. అంచులు కత్తిరించి, నిలువునా చించి, పొత్తిళ్లకు, లంగోటాలకు వేరువేరుగా మడతలు పెడుతున్నాం. శొంఠి, వాము, బాలింత కారానికి ధనియాలు, వెల్లుల్లి అంటూ నాయనమ్మ మంచం మీది నుంచే ఒక్కొక్కటీ గుర్తు చేస్తోంది. నేను మడత పెట్టిన ఒక తెల్లని గుడ్డ మీద సన్నగా ఎర్రటి గీత కనిపించింది. తరువాతి గుడ్డ మీదా అదే. అరిచెయ్యి తిప్పి చూసుకున్నాను. బొటనవేలి మొదట్లో చర్మం చిట్లి రక్తం చెమ్మగిల్లుతోంది. అమ్మ చూడకుండా ఆ రెండు గుడ్డలూ తీసి చీర కొంగులో దాచాను. ఎందుకు దాచానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ఆ ఇంట్లో అందరూ సంతోషంగా ఉన్నారు. ఆ సంతోషాన్ని చెడగొట్టడానికి నాకు నోరు రాలేదు.

33వ వారంలో పరీక్షకు వెళ్లినప్పుడు దురదగా ఉందని చెప్పాను. అంతే చెప్పాను. ఆ రోజు చూసిన వైద్యురాలు చేతులు చూసి, దద్దుర్లు లేవని, ఎండలకు ఇలా ఉంటుందని, రాసుకోవడానికి లోషనూ దురద మాత్రా రాసి ఇచ్చారు. వారం రోజులు వాడాను. దురద పొట్టకు, వీపుకు కూడా ఎక్కింది. నిద్ర పూర్తిగా పోయింది. అన్నం సయించలేదు.

మే చివరి వారం, రోహిణి కార్తె ఎండ. ఆసుపత్రి బల్ల మీద వంతు కోసం కూర్చుని, చేతిలోని మంచినీళ్ల సీసాను అరిచేతుల మధ్య దొర్లిస్తున్నాను. చల్లగా ఉంటుందని. పక్కన ఒక ఆవిడ నన్నే చూస్తోంది. ఆవిడా కడుపుతోనే ఉంది. తెనాలి నుంచి వచ్చిందట, రెండో కాన్పు.

"రాత్రిళ్లు ఎక్కువ అవుతోందా అమ్మా?" అంది.

ఏమిటని నేను అడగలేదు. అవునన్నాను.

"అరికాళ్లు కూడానా?"

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎవరూ అడగని ప్రశ్న అది. ఆమెకు మొదటి కాన్పులో ఇదే వచ్చిందట, ఇప్పుడు మళ్లీ వచ్చిందట. తన రెండు అరచేతులూ చాపి చూపించింది. నా చేతుల్లాగే ఉన్నాయి. "దురద అని ఊరుకుంటే ఎవరూ పట్టించుకోరు చెల్లీ. రాత్రిళ్లు అని చెప్పు, అరిచేతులు, అరికాళ్లు అని చెప్పు, దద్దుర్లు లేవని చెప్పు, నిద్ర లేదని చెప్పు. లివర్ పరీక్ష, బైల్ యాసిడ్స్ పరీక్ష రాయమని నువ్వే అడుగు" అంది. నా పేరు పిలిచేలోపు ఆ మాటలు రెండుసార్లు నా చేత చెప్పించుకుంది.

లోపల పెద్ద డాక్టరమ్మకు అలాగే చెప్పాను. ఆవిడ రాస్తున్న కలం ఆపి తలెత్తారు. మూత్రం రంగు మారిందా, కళ్లు పచ్చబడ్డాయా, ఇంట్లో ఇంకెవరికైనా కడుపుతో ఉన్నప్పుడు ఇలా వచ్చిందా అని అడిగి, కాలేయ పరీక్షలు, కామెర్ల వైరస్ పరీక్షలు, రక్తం గడ్డకట్టే పరీక్ష, పైత్యరసంలోని ఆమ్లాలను కొలిచే బైల్ యాసిడ్స్ పరీక్ష రాశారు. పిత్తాశయంలో రాళ్లేమైనా ఉన్నాయేమోనని స్కానింగ్ కూడా చేయించారు. కాలేయం దెబ్బతింటే పెరిగే ఎస్‌జీపీటీ అంకె అదే సాయంత్రం వచ్చింది, 148. బైల్ యాసిడ్స్ రక్తం హైదరాబాదుకు వెళ్లింది. రెండు రోజుల తరువాత వచ్చిన అంకె 46.

దీన్ని కొలెస్టాసిస్ అంటారని, గర్భంతో వచ్చేదని డాక్టరమ్మ చెప్పారు. నెలలు నిండేకొద్దీ పెరిగే హార్మోన్ల వల్ల కొందరిలో కాలేయం నుంచి పైత్యరసం సాఫీగా పారదు. అందులోని ఆమ్లాలు రక్తంలో చేరతాయి. అందుకే ఈ దురద. కాన్పు అయ్యాక తల్లికి తగ్గిపోతుంది. చూడాల్సింది బిడ్డను. నెలలు నిండకముందే నొప్పులు రావచ్చు, బిడ్డ ఉమ్మనీటిలో మలం వదలవచ్చు. బైల్ యాసిడ్స్ అంకె 100 దాటితే బిడ్డ కడుపులోనే చనిపోయే ప్రమాదం బాగా పెరుగుతుంది. 2019లో లాన్సెట్ పత్రికలో వచ్చిన పెద్ద విశ్లేషణ ప్రకారం అలాంటి గర్భాల్లో వందకు మూడుకు పైగా అలా ముగిశాయి. 40 నుంచి 99 మధ్య ఉన్నవాళ్లలో వెయ్యికి దాదాపు మూడు. నాది 46. ఆవిడ ఆ అంకెలు కాగితం మీద రాసి, నా అంకె ఎక్కడుందో గీత గీసి చూపించారు. ఏదీ దాచకుండా చెప్పినందుకు ఆవిడకు నేను జీవితాంతం రుణపడి ఉంటాను. "భయపడవద్దు" అని మాత్రమే అని ఉంటే ఆ రాత్రి నేను ఇంకా భయపడేదాన్ని.

అర్సోడియాక్సీకోలిక్ ఆమ్లం మాత్రలు రాశారు, 300 మిల్లీగ్రాములు, పూటకొకటి చొప్పున రెండు పూటలు. దురద కొంత తగ్గవచ్చన్నారు. బిడ్డను ఇది కాపాడుతుందని మాత్రం రుజువు కాలేదన్నారు. వారానికోసారి రక్త పరీక్ష, రెండుసార్లు బిడ్డ గుండె చప్పుడు కాగితం మీద గీసే ఎన్‌ఎస్‌టీ. ఆ పరీక్షలు ఈ రోజు బాగుంటే ఈ రోజుకు బాగున్నట్టే, రేపటికి హామీ కాదు. అందుకే 37 వారాలు నిండగానే నొప్పులు తెప్పిస్తామన్నారు.

ఇంటికి వచ్చి పైత్యరసం అన్నానో లేదో, నాయనమ్మ అల్లం, జీలకర్ర అంది. అమ్మ ఏమీ అనలేదు. ఆ రాత్రి నాపరాళ్ల గదిలోకి వచ్చి నా పక్కన కూర్చుంది. నా కాళ్లు తన ఒడిలో పెట్టుకుని, తడిగుడ్డ పిండి అరికాళ్లకు చుట్టింది. "నువ్వు కడుపులో ఉన్నప్పుడు నాకూ ఇంతే తల్లీ. దువ్వెనతో గోక్కునేదాన్ని. వంకాయ తిన్నావని మీ నాయనమ్మ కోప్పడింది. నువ్వు పుట్టాక పోయింది, మరిచిపోయాను" అంది. ఇంట్లో ఎవరికైనా ఇలా వచ్చిందా అన్న డాక్టరమ్మ ప్రశ్నకు నేను లేదని చెప్పి వచ్చాను. ముప్పై ఏళ్లు ఆ మాట అడిగినవాళ్లు లేరు, అమ్మ చెప్పలేదు. ఆ రాత్రి అమ్మ చాలాసేపు ఏడ్చింది. నేను దాచిన రెండు గుడ్డలూ తీసి చూపించాను.

ఆ శనివారం మావారు విజయవాడ నుంచి వచ్చారు. భోజనాలయ్యాక డాబా మీద చాప వేసుకుని కూర్చున్నాం. ఆయన బారసాల గురించి మాట్లాడారు, ఉయ్యాల గురించి మాట్లాడారు, మంగళగిరి దగ్గర లారీలు ఆగిపోయి బస్సు గంట ఆలస్యమైన సంగతి చెప్పారు. ఆయన అన్నీ చదివి వచ్చారని నాకు తెలుస్తూనే ఉంది. నేనూ చదివాను. ఆ ఒక్క మాట ఇద్దరి నోటా రాలేదు. చివరికి నేనే, "బిడ్డ దక్కకపోతే ఎలాగండీ?" అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "నాలుగు రోజులుగా అదే అనుకుంటున్నాను. నీతో అనకూడదనుకున్నాను" అన్నారు. ఆ తరువాత మాట్లాడుకున్నాం, అన్నీ. కదలికలు తగ్గితే ఏ సమయమైనా ఎవరు కారు పిలవాలి, ఫైలు ఎక్కడ ఉండాలి, నాతో ఎవరు రావాలి, రక్తం అవసరమైతే ఎవరిది సరిపోతుంది. అన్నీ ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించారు. మిగిలిన మూడు వారాలూ సెలవు పెట్టి గుంటూరులోనే ఉండిపోయారు.

కదలికలు లెక్కపెట్టడానికి అమ్మ చింతపిక్కలు ఇచ్చింది. పది. మధ్యాహ్నం భోజనం కాగానే ఎడమ పక్కకు తిరిగి పడుకుని, బిడ్డ కదిలినప్పుడల్లా ఒక పిక్క ఎడమ గిన్నెలోంచి కుడి గిన్నెలో వేసేదాన్ని. రెండు గంటల్లో పది చేరాలి. చాలా రోజులు అరగంటలోనే చేరేవి. ఒకరోజు గంటన్నర గడిచినా ఆరే చేరాయి. ఆ గంటన్నరలో ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. నాయనమ్మ జపం కూడా ఆపేసింది. చల్లటి నీళ్లు తాగాక ఏడు, ఎనిమిది, వెంటనే తొమ్మిది. పదో పిక్క గిన్నెలో పడిన చప్పుడుకు గుమ్మంలో నిలుచున్న నాన్నగారు కళ్లు తుడుచుకుని లోపలికి వెళ్లిపోయారు.

తేదీ విషయంలో కొంత పేచీ వచ్చింది. 37 వారాలు నిండే రోజుల్లోనే అమావాస్య ఉంది. నాలుగు రోజులు ఆగితే మంచి నక్షత్రం దొరుకుతుందని అత్తయ్య బతిమాలారు. పాపం, ఆవిడ కోరింది బిడ్డ మంచే. నేను డాక్టరమ్మ రాసిచ్చిన అంకెల కాగితం ఆవిడ ముందు పెట్టాను. అప్పటికి నా అంకె 62. చదివి, ఆ కాగితాన్ని మడిచి నా చేతిలో పెట్టి, "ముందు బిడ్డ ఒళ్లోకి రానీ అమ్మా" అన్నారు. నక్షత్రం ఊసు మళ్లీ ఎత్తలేదు.

జూన్ మూడో వారంలో చేరాను. మందు పెట్టిన పద్దెనిమిది గంటలకు కాన్పు అయింది. ఉమ్మనీరు కొంచెం పచ్చగా ఉందని పిల్లల డాక్టరు పక్కనే సిద్ధంగా నిలుచున్నారు. ఆ క్షణాలు సరిగ్గా గుర్తు లేవు. ఏడుపు గుర్తుంది. ఆడపిల్ల, 2.6 కిలోలు. ఒక రాత్రి గమనించి, మర్నాడు పొద్దున నా పక్కలో పడుకోబెట్టారు. అమ్మ చించిన చీర పొత్తిళ్లలోనే.

మూడో రాత్రి మెలకువ వచ్చింది. ఎందుకు వచ్చిందా అని కొంతసేపు ఆలోచించాను. పాప నిద్రపోతోంది. బయట వాన పడుతోంది. అరికాళ్లలో ఏమీ లేదు.

ఇంటికి వచ్చాక నాయనమ్మ బాలింత పథ్యం మొదలుపెట్టింది కానీ వంకాయ మీద నిషేధం తనే ఎత్తేసింది. ఆరు వారాల తరువాత కాలేయ పరీక్ష మళ్లీ చేయించాం. ఎస్‌జీపీటీ 24. ఇంకో కాన్పు అయితే ఇది తిరిగి వచ్చే అవకాశం సగానికి పైనే ఉంటుందని, ఈస్ట్రోజన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు వాడాలనుకుంటే ముందు ఈ సంగతి చెప్పాలని డాక్టరమ్మ ఫైలు మొదటి పేజీలోనే రాశారు. "తల్లికి కూడా వచ్చింది" అని కింద నా చేత రాయించారు. మా చెల్లెలికి నిరుడే పెళ్లయింది. ఆ పేజీ ఫోటో దానికి పంపాను, జాగ్రత్తగా దాచుకోమని.

తెనాలి అక్కకు కూడా పంపాను. నాకన్నా ఎనిమిది రోజులు ఆలస్యంగా ఆమెకు మగపిల్లవాడు పుట్టాడు. నా రిపోర్టు చూసి వెంటనే ఫోను చేసింది. తన పరీక్ష ఇంకా కాలేదట, వచ్చే బుధవారమట. రాత్రిళ్లు నిద్ర పడుతోందా అక్కా అని అడిగాను. పిల్లవాడు పడుకోనిస్తే పడుతోంది అంది.