ఇచ్ఛాపురం నుంచి తడ దాకా: పాత ట్రంకు రోడ్డు వెతుక్కుంటూ

మన రాష్ట్రంలో పదహారో నంబర్ జాతీయ రహదారి ఉత్తరాన ఇచ్ఛాపురం దగ్గర అడుగుపెట్టి దక్షిణాన తడ దగ్గర బయటపడుతుంది. వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు. పాత ట్రంకు రోడ్డు బాటలోనే కోల్‌కతా నుంచి చెన్నై దాకా పోయే ఈ రోడ్డులో సగానికి పైగా ఆంధ్రాలోనే ఉందన్నమాట. ఈ రోడ్డు పక్క ఊళ్ళోనే పుట్టి పెరిగినా, ముక్కలు ముక్కలుగా తిరగడమే తప్ప ఆ చివర నుంచి ఈ చివరకు నేనెప్పుడూ పోలేదు. మొన్న చలికాలంలో మా పెద్దమావయ్యను వెంటబెట్టుకుని వెళ్ళాను. ఆయన 1980ల్లో ఆకివీడు నుంచి హౌరాకు చేపల లారీ తోలిన మనిషి. ఈ రోడ్డు గురించి ఆయన కంటే బాగా చెప్పేవాళ్ళు నాకు ఇంకెవరూ తెలియదు.

ఆయన నోట పదహారు అన్న మాట రాదు. "ఫైవ్ ఎక్కామా, ఇక చూసుకోనక్కర్లేదు" అంటారు. 2010లో దేశమంతటా జాతీయ రహదారుల నంబర్లు మార్చారు. ఉత్తర దక్షిణాలుగా పోయేవాటికి సరి సంఖ్యలు, తూర్పు పడమరలుగా పోయేవాటికి బేసి సంఖ్యలు ఇచ్చారు. అలా మన ఐదు పదహారైంది. ఐదో నంబరు ఇప్పుడు పంజాబ్‌లోని ఫిరోజ్‌పూర్ నుంచి హిమాచల్ కొండల్లో షిప్కీలా దాకా పోయే రోడ్డుకు వెళ్ళింది. కానీ మన లారీ షెడ్లలో, టైర్ల కొట్లలో వయసు మళ్ళినవాళ్ళు ఇప్పటికీ ఐదనే అంటారు.

ఇచ్ఛాపురం అవతల పురుషోత్తపురం చెక్‌పోస్టు దగ్గర బండి వెనక్కి తిప్పి ప్రయాణం మొదలుపెట్టాం. కుడివైపు దూరంగా మహేంద్రగిరి, ఎడమవైపు కొబ్బరి తోటల వెనక ఎక్కడో సముద్రం. రోడ్డు చరిత్రంతా ఈ రెంటి మధ్యే ఉంది. తూర్పు కనుమలకూ బంగాళాఖాతానికీ మధ్య మిగిలిన సన్నటి నేల ఇది. పూరీ యాత్రికులైనా, ఈస్టిండియా కుంపిణీ సైన్యాలైనా, రామేశ్వరం పోయే బైరాగులైనా ఇందులోంచే నడవాలి. సాలిహుండం, తొట్లకొండ, బావికొండ, అనకాపల్లి పక్కన బొజ్జన్నకొండ లాంటి బౌద్ధారామాలు కూడా ఈ బాటకు అందుబాటులో ఉన్న గుట్టల మీదే వెలిశాయి. భిక్షువులకు ఏకాంతమూ కావాలి, దారినపోయే వర్తకుల దానాలూ కావాలి కదా.

పలాసలో హైవే దిగి ఊళ్ళోకి వెళ్ళాం. జీడిపప్పు కార్ఖానా ఒకదానిలో పని చూడనిచ్చారు. ఉడికించి ఆరబెట్టిన జీడిపిక్కల్ని ఒక్కొక్కటే కత్తి కింద పెట్టి పగలగొడుతున్నారు ఆడవాళ్ళు. పిక్క తొక్కలో ఉండే జీడిరసం చర్మాన్ని కాల్చేస్తుంది. అక్కడ కూర్చున్న ఒకావిడ వేళ్ళ చివర్లు నల్లబారి, గీతలన్నీ అరిగిపోయి ఉన్నాయి. పక్క గదిలో గుండు, బద్ద, ముక్క అంటూ పప్పును వేరుచేస్తున్నారు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను ఈ ఉద్దానం ప్రాంతంలో జీడి చెట్లనూ కొబ్బరి చెట్లనూ కూకటివేళ్ళతో పీకేసింది. కొబ్బరి కాపుకు రావాలంటే ఏళ్ళు పడుతుంది. కారు కిటికీలోంచి పచ్చగా కనిపించే ఆ తోటల్లో చాలావరకు ఇంకా పిల్ల చెట్లే.

శ్రీకాకుళం, తగరపువలస తొందరగానే దాటాం. ఇప్పుడు దూరం పోయే లారీలు విశాఖ ఊళ్ళోకి రానక్కర్లేదు. ఆనందపురం దగ్గరే పక్కకు తిరిగి పెందుర్తి, సబ్బవరం మీదుగా అనకాపల్లి చేరుకుంటాయి. ఒకప్పుడు హనుమంతవాక, మద్దిలపాలెం, ఎన్‌ఏడీ, గాజువాక మీదుగా చేపల లోడుతో బయటపడటం అంటే ఎంత టెన్షనో మావయ్య చెప్పుకుంటూ వచ్చారు. "ఐసు కరిగిందంటే చేప మెత్తబడుద్ది. మెత్తబడిందంటే హౌరాలో సగం రేటుకు కూడా అడగరు. సిగ్నల్ దగ్గర నిలబడినప్పుడల్లా బండి కిందకి చూసేవాణ్ణి, నీళ్ళు ఎంత కారుతున్నాయా అని" అన్నారు. శీలావతి, బొచ్చె చేపలంటే బెంగాల్ వాళ్ళకు ప్రాణం. కొల్లేరు చుట్టూ చెరువులు తవ్వినప్పటి నుంచి ఆ వ్యాపారం సాగింది ఈ రోడ్డు మీదే.

అన్నవరంలో తొలిపావంచా దగ్గర ఆగకుండా ఏ డ్రైవరూ పోడు. కొండ మెట్ల మొదట్లో రోడ్డు పక్కనే ఉంటుందది. పైన రత్నగిరి మీద సత్యదేవుడి దర్శనానికి తీరిక లేనివాళ్ళు ఇక్కడే దణ్ణం పెట్టుకుని కొబ్బరికాయ కొట్టి బండి తీస్తారు. మేం వెళ్ళేసరికి కొత్త ట్రాక్టరొకటి, బంతిపూల దండతో ఒక పాల వ్యాను నిలబడి ఉన్నాయి. మావయ్య కారు దిగి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించి, తన పాత లారీకి చేసినట్టే చేశారు. ప్రసాదం విస్తరాకు పొట్లంలో ఇచ్చారు. గోధుమ నూక, బెల్లం, నెయ్యి. ఆ వేడికి ఆకు వాసన ప్రసాదంలోకి దిగుతుంది. ఇంట్లో ఎంత నెయ్యి పోసి చేసినా ఆ రుచి రాకపోవడానికి కారణం ఆ ఆకే అని నా నమ్మకం.

అక్కడి నుంచి కొద్ది దూరంలో కత్తిపూడి. ఇక్కడే 216 నంబరు రోడ్డు విడిపోయి కాకినాడ, అమలాపురం, మచిలీపట్నం, చీరాల మీదుగా సముద్రం వారనే పోయి ఒంగోలు దగ్గర మళ్ళీ కలుస్తుంది. ఈ కత్తిపూడికీ పిఠాపురానికీ మధ్య చందుర్తి అనే ఊరుంది. 1758 డిసెంబర్‌లో ఇంగ్లిషువాళ్ళకూ ఫ్రెంచివాళ్ళకూ ఇక్కడే యుద్ధం జరిగింది. బెంగాల్ నుంచి ఓడల్లో విశాఖ చేరిన ఇంగ్లిషు కర్నల్ ఫోర్డ్, విజయనగరం ఆనందగజపతి సైన్యంతో కలిసి ఈ బాట వెంటే దిగివచ్చి ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ సేనను ఓడించాడు. తర్వాతి ఏడాది మచిలీపట్నం కోట కూడా ఫ్రెంచివాళ్ళ చేయి జారింది. 1766లో నిజాంతో ఒప్పందం కుదిరి ఉత్తర సర్కారులు, అంటే ఈ కోస్తా జిల్లాలు, కుంపిణీ కిందికి వెళ్ళాయి. మద్రాసు నుంచి కలకత్తాకు పోయే గ్రేట్ నార్తర్న్ ట్రంక్ రోడ్డు తెల్లవాళ్ళకు అవసరమైంది ఆ తర్వాతే. పలాశీ యుద్ధం గురించి బళ్ళో చదువుకుంటాం కానీ, మన తీరం తలరాత మార్చిన చందుర్తి గురించి ఆ చుట్టుపక్కల పిల్లలకు కూడా తెలియదు. అది నాకు చాలా బాధ అనిపిస్తుంది.

గోదావరి దగ్గర రోడ్డు రెండుగా చీలుతుంది. దివాన్‌చెరువు నుంచి కొవ్వూరు వైపు కొత్త వంతెన ఎక్కి, దేవరపల్లి మీదుగా గుండుగొలను చేరుకునేది ఇప్పటి పదహారు. రాజమండ్రి దగ్గర నాలుగోదైన ఆ వంతెన 2015లో, పుష్కరాల ఏడాది వచ్చింది. పాత ఐదు మాత్రం కడియం పక్క నుంచి జొన్నాడ, రావులపాలెం, సిద్ధాంతం, తణుకు, తాడేపల్లిగూడెం మీదుగా పోయేది. దానికిప్పుడు 216ఏ అని పేరు. త్వరగా పోవాలంటే కొత్త రోడ్డే. మేం పాతదే పట్టుకున్నాం. వెళ్ళేవాళ్ళకు నేను చెప్పేదీ అదే.

ఎందుకంటే గోదావరి ఈ రోడ్డు మీద రెండుసార్లు దర్శనమిస్తుంది. జొన్నాడ దగ్గర గౌతమి, సిద్ధాంతం దగ్గర వశిష్ఠ. మధ్యలో రావులపాలెం అరటి మార్కెట్. తెల్లవారకముందే సైకిళ్ళ మీద, ఆటోల మీద లంక గ్రామాల నుంచి గెలలు వస్తాయి. సైకిల్ వెనక రెండు వైపులా గెలలు కట్టి, సీటు మీద ఎక్కకుండా హ్యాండిల్ పట్టుకుని నెట్టుకుంటూ నడుస్తారు. కర్పూర, చక్కెరకేళి, అమృతపాణి, బొంత... ఏ రకానికి ఆ వరస. గెలకు చేయి తగలకుండా, హస్తం తెగకుండా లారీలో పేర్చే పద్ధతి చూడాల్సిందే. కింద ఎండాకు పరిచి, గెల తొడిమ బయటికి ఉండేలా నిలబెట్టి, సందుల్లో మళ్ళీ ఆకు కుక్కుతారు. "మా చేపలకు ఐసు, వీళ్ళకు ఆకు" అన్నారు మావయ్య.

వంతెనలు రాకముందు బళ్ళను పంటు (బల్లకట్టు) మీద దాటించేవాళ్ళు. వరద రోజుల్లో అదీ ఉండేది కాదు. రాజమండ్రి దగ్గర రైలుకు 1900లోనే హేవ్‌లాక్ వంతెన వచ్చింది. రోడ్డు కమ్ రైలు వంతెన మాత్రం 1974లో గానీ రాలేదు. ఈ కోస్తాలో రోడ్డుకు ఎప్పుడూ పోటీదార్లే. 1890ల్లో రైలు వచ్చింది. అంతకు ముందు నుంచే బకింగ్‌హాం కాలువలో పడవల మీద ధాన్యం, ఉప్పు, కట్టెలు చెన్నపట్నం చేరేవి. రోడ్డు చాలాకాలం మూడో స్థానంలోనే ఉండిపోయింది. అది ముందుకొచ్చింది లారీల కాలంలోనే. 1990ల చివర్లో వాజ్‌పేయి ప్రభుత్వం మొదలుపెట్టిన స్వర్ణ చతుర్భుజిలో ఈ రోడ్డును చేర్చి నాలుగు వరసలు చేయడంతో దాని రూపే మారిపోయింది. ఊళ్ళన్నిటికీ బైపాస్‌లు వచ్చాయి. నీడనిచ్చిన చింతలు, మర్రులు పోయాయి. తణుకు దాటాక పాత రోడ్డు పక్కన మిగిలిన ఒక చింతచెట్టు కింద ఆగి మేం తెచ్చుకున్న పులిహోర తిన్నాం. అంత చల్లటి నీడ కొత్త హైవే మీద మాకు ఎక్కడా దొరకలేదు.

హనుమాన్ జంక్షన్, గన్నవరం, బెజవాడ, మంగళగిరి, గుంటూరు. ఇవి అందరికీ తెలిసినవే కాబట్టి వాటి గురించి చెప్పను. మేదరమెట్ల దగ్గర కాసేపు ఆగాం. నార్కట్‌పల్లి నుంచి అద్దంకి మీదుగా వచ్చే రోడ్డు ఇక్కడ కలుస్తుంది. హైదరాబాద్ నుంచి నెల్లూరు, చెన్నై పోయే బస్సులన్నీ అటు నుంచే దిగుతాయి. ఆ అద్దంకిలో దొరికిన పండరంగని శాసనం క్రీ.శ. 848 నాటిది. గుణగ విజయాదిత్యుడి సేనాని విజయాల గురించి తరువోజ పద్యంలో చెక్కించారు. తెలుగు పద్యానికి మనకున్న అతి పాత సాక్ష్యాల్లో అదొకటి. ఆ పక్కనే కొరిశపాడు దగ్గర హైవేనే నాలుగు కిలోమీటర్లకు పైగా రన్‌వేలా కట్టారు. మధ్యలో డివైడరు ఉండదు, కాంక్రీటు నున్నగా ఉంటుంది. 2024 మార్చిలో వాయుసేన రవాణా విమానాలు అక్కడ దిగి మళ్ళీ ఎగిరాయి.

ఒంగోలు, కావలి, నెల్లూరు. ఈ మూడు ఊళ్ళలోనూ మేం బైపాస్ వదిలి లోపలికి వెళ్ళాం. మూడింటిలోనూ ప్రధాన వీధి పేరు ట్రంకు రోడ్డే. బట్టల కొట్లు, బంగారం కొట్లు, టిఫిన్ బళ్ళు, వరసగా ఆటోలు. అక్కడ నడిచేవాళ్ళు తాము మద్రాసు–కలకత్తా రోడ్డు మీద నడుస్తున్నామని అనుకోరు. చెన్నపట్నం సుప్రీంకోర్టులో దుబాసీగా, అంటే భాషలు అనువదించేవాడిగా, ఉన్న ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో దాదాపు వంద మందితో కాశీ బయల్దేరాడు. పోయేటప్పుడు కడప, హైదరాబాద్, నాగపూర్ మీదుగా వెళ్ళి, వచ్చేటప్పుడు కలకత్తా నుంచి ఈ తీరం వెంట దిగివచ్చాడు. 1831 సెప్టెంబర్‌లో ఇల్లు చేరాడు. పల్లకీలో వస్తూ ప్రతి మజిలీ దగ్గరా నీళ్ళు ఎలా ఉన్నాయి, సత్రం ఉందా, అంగళ్ళు ఉన్నాయా, బాట ఇసకా బురదా అని రాసిపెట్టుకున్నాడు. ఆయన చూసిన తీరంలో మనుషులకు ముందు కావలసినవి నీళ్ళు, నీడ, పడుకునే చోటు. ఇప్పుడు హైవే మీద ఎంత దూరం పోయినా లారీ డ్రైవరు నిశ్చింతగా పడుకునే చోటు అరుదు. రోడ్డు వారన ఆపి నిద్రపోయిన లారీని వెనక నుంచి గుద్దుకున్న ప్రమాదాలు ఎన్ని చదవడం లేదు మనం! ఆరు వరసలు వేస్తున్నప్పుడు పాత సత్రాల లెక్కన డ్రైవర్లకు మజిలీలు కూడా కట్టాలి. మావయ్య ఈ మాట దారిపొడుగునా అంటూనే ఉన్నారు. నాదీ అదే మాట.

నెల్లూరుకు ముందు పడుగుపాడు దగ్గర 2021 నవంబర్‌లో పెన్నా వరదకు హైవే తెగిపోయింది. పక్కనే రైలు పట్టాలు కూడా కొట్టుకుపోయాయి. ఉత్తరానికీ దక్షిణానికీ ఉన్న రెండు దారులూ ఒక్క చోటే తెగాయి. కొండకీ సముద్రానికీ మధ్య ఇరుకు దారి అని మొదట్లో అన్నాను కదా, దానివల్ల వచ్చే ప్రమాదం ఇదే.

గూడూరు, నాయుడుపేట దాటితే దొరవారిసత్రం. సత్రం పేరు మీదే ఊరు, మండలం, రైల్వే స్టేషను ఉన్నాయి. పక్కనే నేలపట్టు పక్షుల చెరువు. నీళ్ళలో నిలబడ్డ కడప అనే చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు) గుంపులుగా కూర్చుని ఉన్నాయి. అవి వస్తే వానలు బాగా పడతాయని, పంట పండుతుందని ఆ ఊరివాళ్ళ నమ్మకం. పిల్లలు కూడా వాటి మీద రాయి వేయరు. సూళ్ళూరుపేటలో ఎడమవైపు తిరిగితే పులికాట్ సరస్సు మీదుగా శ్రీహరికోట.

తడ దగ్గర భీమునివారిపాలెం చెక్‌పోస్టు కళావిహీనంగా ఉంది. 2017 జూలైలో జీఎస్టీ వచ్చాక వాణిజ్య పన్నుల తనిఖీలు ఎత్తేశారు. మావయ్య చేపల లారీ మానేశాక కొన్నాళ్ళు చెన్నైకి బియ్యం తోలారు. అప్పట్లో ఇక్కడ కాగితాలు చూపించి గేటు దాటాలంటే రాత్రంతా పట్టేదట. లారీల వరస ఎక్కడిదాకా ఉండేదో, క్లీనరు కుర్రాడు స్టవ్ వెలిగించి ఎక్కడ అన్నం వండేవాడో, ఏ బోరింగు దగ్గర స్నానం చేసేవారో నడిచి చూపించారు. బోరింగు ఇంకా ఉంది. కొట్టి చూశాం, నీళ్ళు వచ్చాయి. సీసాలు నింపుకుని ఆరంబాక్కం వైపు బండి తీశాం.