పచ్చిపాలు, పాశ్చరైజ్ చేసిన పాలు: వేడి చేయగలిగేదీ, చేయలేనిదీ

పచ్చిపాలను సమర్థించేవారి వాదనల్లో నాకు అన్నిటికంటే బలహీనంగా తోచేది, పశువు ఆరోగ్యంగా ఉంది కాబట్టి దాని పాల వల్ల ప్రమాదం లేదన్నది. పొదుగువాపు వంటి జబ్బు లేని పశువు పొదుగులో పాలు దాదాపు సూక్ష్మజీవులు లేకుండానే ఉంటాయన్న మాట నిజమే. అయితే అవి పాత్రలో పడేలోపే చనుమొనల మీది మట్టి, పేడ తుంపరలు, పితికేవారి చేతులు, పాత్ర కడిగిన నీళ్లు వాటితో కలుస్తాయి. పైగా సాల్మొనెల్లా, కాంపైలోబాక్టర్, ఇ.కోలై ఒ157 వంటి రోగకారక బ్యాక్టీరియా ఏ జబ్బూ కనిపించని పశువు పేగుల్లోనూ కాపురముంటాయి. కాంపైలోబాక్టర్ కొన్ని వందల సంఖ్యలో కడుపులోకి చేరినా విరేచనాలు పట్టుకోవచ్చు, ఇ.కోలై ఒ157 చిన్నపిల్లల మూత్రపిండాలనే దెబ్బతీయవచ్చు. అంత కొద్ది సంఖ్యలో ఉన్నప్పుడు పాల రంగు, రుచి, వాసన ఏమీ మారవు. ఒకనాటి నమూనాలో ఏమీ దొరకలేదన్న పరీక్షా ఫలితం కూడా ఆ నమూనాకే వర్తిస్తుంది, మర్నాటి పాలకు కాదు.

పాశ్చరైజేషన్‌లో పాలను 63 డిగ్రీల సెల్సియస్ వద్ద 30 నిమిషాలు, లేదా 72 డిగ్రీల వద్ద 15 సెకన్లు ఉంచి వెంటనే చల్లబరుస్తారు. తొలినాళ్లలో పశువుల క్షయకు కారణమైన మైకోబాక్టీరియం బోవిస్ చావడానికి ఎంత వేడి కావాలో దాన్నే కొలతగా తీసుకున్నారు. పశువుల నుంచి మనుషులకు సోకే క్యూ జ్వరాన్ని కలిగించే కాక్సియెల్లా బర్నెటీ అనే బ్యాక్టీరియా ఇంకొంచెం ఎక్కువ వేడిని తట్టుకుంటుందని తేలాక, 1956లో అమెరికాలో 30 నిమిషాల పద్ధతి ఉష్ణోగ్రతను 61.7 నుంచి 62.8 డిగ్రీలకు పెంచారు. ఒక్క డిగ్రీ తేడాకు ఇంత పట్టింపేమిటని అడిగేవారికి నేను ఈ సంగతే చెబుతాను. పాలలో సహజంగా ఉండే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైము ఈ రోగకారకాలకంటే కాస్త ఎక్కువ వేడిని ఓర్చుకుంటుంది. అందుకే వేడిచేసిన పాలలో అది ఇంకా పనిచేస్తూ కనిపిస్తే, వేడి చాలలేదనో, పచ్చిపాలు కలిశాయనో పసిగట్టవచ్చు.

విటమిన్ సి కొంత తగ్గుతుందన్న అభ్యంతరం పెద్దగా నిలవదు, ఎందుకంటే దానికోసం పాల మీద ఆధారపడేవారు అరుదు.

అలాగని పాశ్చరైజ్ చేసిన పాలు పూర్తిగా సూక్ష్మజీవరహితం అనుకోకూడదు. బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా స్పోర్లు, అంటే గట్టి పొరలో నిద్రాణంగా ఉండే దాని రూపాలు, ఈ వేడికి చావవు. వేడి చేసిన తరువాత గొట్టాల్లోనో, నింపే యంత్రంలోనో లిస్టీరియా అనే బ్యాక్టీరియా చేరితే, అది 4 డిగ్రీల ఫ్రిజ్‌లో కూడా నెమ్మదిగా పెరగగలదు; గర్భిణుల విషయంలో ఇది మరీ ప్రమాదకరం. చాలామంది పట్టించుకోని మరో చిక్కు స్టెఫైలోకాకస్ ఆరియస్‌తో వస్తుంది. పితికిన పాలను చల్లబరచకుండా గంటల తరబడి వదిలితే ఈ బ్యాక్టీరియా పెరిగి విషపదార్థాన్ని తయారుచేయవచ్చు. తరువాత ఎంత మరగకాచినా బ్యాక్టీరియా చస్తుందే గాని ఆ విషం చాలావరకు పాలలోనే మిగిలిపోతుంది. తాగినవారికి కొద్ది గంటల్లోనే వాంతులు మొదలవుతాయి. కాబట్టి పచ్చిపాలను కాచుకునే తాగుతామనేవారిని నేను ముందుగా అడిగేది ఎంతసేపు కాచారని కాదు, పితికిన తరువాత కాచేవరకు పాలు ఎంతసేపు, ఎంత చల్లగా ఉన్నాయని.