పైకి చూస్తే అవును, కిందికి చూస్తే కాదు

పెద్దవాళ్ళ ముందు తల దించుకుని ఉండాలని మమ్మల్ని పెంచారు. ఇక్కడ డాలస్ స్కూల్లోనేమో మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూడమంటారు. మా అమ్మాయికి స్కూలు అలవాటే వచ్చింది. గుంటూరు వెళ్ళినప్పుడల్లా ‘పిల్లకి కాస్త పొగరు’ అని చుట్టాల గుసగుసలు. మా మామయ్యగారికి స్ట్రోక్ వచ్చాక ఆ పొగరే పనికొచ్చింది.

స్ట్రోక్ వచ్చింది బ్రెయిన్‌స్టెమ్‌లో, అంటే మెదడుని వెన్నుపాముతో కలిపేచోట. దాని మధ్యభాగం పేరు పాన్స్. దానికి రక్తం అందించే బేసిలర్ ధమని మూసుకుపోయి పాన్స్ ముందువైపు దెబ్బతింటే కాళ్ళూ చేతులూ కదలవు, మాట రాదు. తెలివి మాత్రం ఉంటుంది, అన్నీ వినిపిస్తాయి. 1966లో ప్లమ్, పోస్నర్ అనే న్యూరాలజిస్టులు దీనికి లాక్డ్-ఇన్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు.

కళ్ళని పక్కలకి తిప్పే ఏర్పాటు పాన్స్‌లోనే ఉంది కాబట్టి ఆ కదలిక పోతుంది. పైకీ కిందికీ తిప్పేది, రెప్ప ఎత్తేది ఇంకాస్త పైన, మిడ్‌బ్రెయిన్‌లో. అక్కడిదాకా దెబ్బ పాకకపోతే ఆ రెండూ మిగులుతాయి. ‘కుడివైపు చూడండి’ అని మాత్రమే అడిగితే మనిషి కోమాలో ఉన్నాడనే అనుకుంటారు. ‘పైకి చూడండి’ అని అడగాలని తెలిసినవాళ్ళు ఉండాలి. మా అదృష్టం, ఆ డాక్టరుగారికి తెలుసు.

అయినా చూడ్డానికొచ్చినవాళ్ళు మంచం పక్కనే నిలబడి ఖర్చుల గురించీ, ‘ఇంక ఎన్నాళ్ళు’ అనీ మాట్లాడేవాళ్ళు. పిల్లేమో ఆయన ముఖంలోకి వంగి ‘తాతయ్యా, అవునంటే పైకి చూడు’ అంది. చూశారు.

ఆదివారం తెలుగు క్లాసులో ఏడుస్తూ నేర్చుకున్న వర్ణమాల అప్పుడు బయటికొచ్చింది. ‘అచ్చులా? క వరసా? చ వరసా?’ అని అడుగుతుంది. ఆయన పైకి చూస్తే ఆ వరసలో అక్షరాలు, తర్వాత గుణింతం. ఒత్తులు వదిలేశాం. మొదటి మాట ‘చలి’. రెండు అక్షరాలకి ఎంతసేపు పట్టిందో! ఏసీ ఆపేసి దుప్పటి కప్పారు.

ఇప్పుడు మాకు రాత్రి, వాళ్ళకి పొద్దున వీడియో కాల్. కళ్ళు పక్కకి తిరగవు కాబట్టి అటెండెంటు ఫోన్‌ని సరిగ్గా ముఖానికి ఎదురుగా పట్టుకోవాలి. మా పిల్లకి ళ పలకదు, అన్నీ ల లే. ఆయనకి ళ కావాల్సి వస్తే కిందికి చూస్తారు, మళ్ళీ కిందికి చూస్తారు. అది సరిగా పలికేదాకా ముందుకి కదలనివ్వరు.