తోలుకోటు వేసుకున్న ఆ నడక

నిన్న రాత్రి 1971 నాటి హాలీవుడ్ సినిమా ‘షాఫ్ట్’ మళ్ళీ చూశాను. న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్ దగ్గర సబ్‌వే మెట్లెక్కి పైకొచ్చిన కథానాయకుడు రిచర్డ్ రౌండ్‌ట్రీ, తోలుకోటు వేసుకుని, వచ్చే కార్లను లెక్కచేయకుండా రోడ్డు దాటుతుంటే, ఐజాక్ హేస్ సంగీతం అతని అడుగులతో కలిసి సాగుతుంటే, హాలీవుడ్‌లో చాలావరకు నౌకరుగానో నేరస్థుడిగానో పక్కన నిలబడిన నల్లజాతి మనిషి తెర నడిమధ్యకు నడిచి వచ్చినట్టనిపించి ఒళ్ళు పులకరించింది. కథ మాత్రం మామూలు కిడ్నాప్ కథే.

అదే కోవకు చెందిన 1973 నాటి ‘కాఫీ’ (Coffy) సినిమా దగ్గరే నా మనసు చివుక్కుమంటుంది. చెల్లెలిని మత్తుమందుకు బలిచేసినవాళ్ళ మీద పగబట్టిన నర్సుగా పామ్ గ్రియర్, జుట్టులో బ్లేడ్లు దాచుకుని మరీ ఎదుటివాళ్ళకు చుక్కలు చూపిస్తుంది. అంతటి నటిని కెమెరా మాత్రం అవకాశం దొరికినప్పుడల్లా వివస్త్రగా చూపడానికే తహతహలాడుతుంది. ఆ కోపానికి, ఆ కళ్ళకు ఇంతకంటే మంచి సినిమా దక్కవలసింది.