అత్తయ్య ఇంట్లో ఆవకాయ రోజు

ఆవకాయ సీసాలు హైదరాబాదులో ఏ సూపర్ మార్కెట్‌లోనైనా దొరుకుతాయి. కలిపిన బేసిన్‌లోనే వేడన్నం, నెయ్యి వేసి కలిపి అరచేతిలో పెట్టే ముద్ద మాత్రం ఎక్కడా దొరకదు. దాని కోసమే ఈ మే నెలలో గుంటూరులో మా మేనత్త ఇంటికి బయల్దేరాను.

విజయవాడలో రైలు దిగేసరికి భోజనాల వేళ. గాంధీనగర్‌లో ఒక మెస్‌కి వెళ్లాను. అరిటాకు వేసి పప్పు, కందిపొడి, గోంగూర, ఒక చెంచా నెయ్యి వడ్డించారు. రుచికి వంక పెట్టలేను. కానీ నేను పెరుగులోకి రాకముందే పక్కవాళ్లు లేచిపోయారు, వాళ్ల ఆకులు తీసేసి ఇంకొకరికి వేసేశారు. పంక్తిలో అందరూ అయ్యేదాకా ఎవరూ లేవకూడదని మా ఇంట్లో పట్టింపు. ఒక్కరు మజ్జిగ దగ్గరే ఆలస్యం చేస్తున్నా, మిగతావాళ్లు ఎండిన చేతులతో కబుర్లాడుతూ కూర్చునేవారు. ఆ కబుర్లలోనే నాకు మా చుట్టాలందరి చరిత్రా తెలిసింది.

గుంటూరు బస్సు వారధి ఎక్కింది. ఎండాకాలం కదా, కృష్ణలో నీళ్లకంటే ఇసుకే ఎక్కువ కనిపించింది. ఎగువన ప్రకాశం బ్యారేజి. పాత ఆనకట్ట 1952లో తెగాక దీన్ని కట్టి 1957లో పూర్తి చేశారు. డెల్టా కాలవలకు నీళ్లు మళ్లేది ఇక్కడే. మా తాతయ్య ఈ దారిన వెళ్లినప్పుడల్లా నదికి దణ్ణం పెట్టి, "మన కంచంలో అన్నం ఈవిడ పెట్టిందేరా" అనేవాడు. నేనూ పెట్టాను.

అత్తయ్య వాళ్లది బ్రాడీపేటలో పెంకుటిల్లు. ఇప్పుడు అక్కడ అపార్ట్‌మెంట్ ఉంది, మూడో అంతస్తులో వీళ్ల ఫ్లాట్. పాత ఇంటి వసారాలో రెండు వరుసల పీటలు పట్టేవి. తాతయ్య కూర్చునేదాకా పిల్లలెవరూ అన్నం ముట్టేవాళ్లం కాదు. ఇక్కడ నలుగురు పట్టే టేబుల్, దానిమీద మూతలు పెట్టిన హాట్‌ప్యాకులు. బావది రాత్రి షిఫ్టు, అక్కది బడి ఉద్యోగం, పిల్లాడికి సెలవుల్లోనూ కోచింగ్. "ఎవరికి వీలైనప్పుడు వాళ్లు పెట్టుకు తింటార్రా. వండటం వరకే నా పని" అంది అత్తయ్య. ఫిర్యాదు చేస్తున్నట్టు అనలేదు. నాకే కష్టంగా అనిపించింది.

మర్నాడు పొద్దున్నే బావా నేనూ మార్కెట్‌కి వెళ్లి కాయలు కొట్టించుకొచ్చాం. ప్రతి ముక్కకీ టెంక ఉండేలా కొట్టాలి, లేకపోతే ఏడాది తిరిగేసరికి మెత్తబడిపోతుంది. అందరం కింద కూర్చుని జీడి తీసి, లోపలి పొర గీకి, పొడిగుడ్డతో తుడిచాం. తడి తగిలితే బూజు పడుతుందని అత్తయ్య పిల్లాడి చేతులు రెండుసార్లు చూసింది. గిన్నె కారానికి గిన్నె ఆవపిండి, ఉప్పు మాత్రం కాస్త తక్కువ. పప్పునూనె పోస్తుంటే ఆవఘాటు ఇల్లంతా కమ్మేసింది. బావ షిఫ్టు నుంచి వచ్చి ఇంకా పడుకోనేలేదు, అయినా కదల్లేదు. ఎంతసేపటికీ ఎవరూ లేవకుండా ఒక్కచోట ఉన్నది ఆ ఇంట్లో చాలా నెలల తర్వాతట, అక్క చెప్పింది.

ముక్కలు జాడీకెత్తాక బేసిన్ అడుగున ఎర్రటి పిండి మిగిలింది. అత్తయ్య అందులో పొగలు కక్కే అన్నం పోసింది. "నెయ్యి నిండుకుందే" అంటే అక్క పక్కింటికి పరిగెత్తి తెచ్చింది. చుట్టూ కూర్చుని చేతులు చాపాం. కారానికి కళ్లలో నీళ్లు వస్తున్నా పిల్లాడు మళ్లీ చెయ్యి చాపాడు. "నీళ్లు తాగకురా, ఇంకో ముద్ద తిను, అదే తగ్గుతుంది" అంది అత్తయ్య. సరిగ్గా మా నాయనమ్మ మాట.

ఒక సంగతి మాత్రం పాతరోజుల్లోది నాకు వద్దు. నాయనమ్మా అత్తయ్యా అందరికీ కొసరి కొసరి వడ్డించి, చివర్న అడుగంటిన కూరతో తినేవాళ్లు. వాళ్లు ఏం తిన్నారో, అసలు తిన్నారో లేదో ఎవరూ అడిగేవారు కాదు. పంక్తి కావాలనుకునేవాళ్లం దాన్ని కూడా గుర్తు పెట్టుకోవాలి. అందుకే ఆ పూట బేసిన్ నేను లాక్కున్నాను. అత్తయ్య మొదట ఒప్పుకోలేదు. బావ చెయ్యి పట్టుకుని కూర్చోబెడితే కూర్చుంది. ముద్ద నోట్లో పెట్టుకుని, "ఉప్పు చాల్లేదురా, తిరగ కలిపేటప్పుడు వెయ్యాలి" అంది.

మూడో రోజు తిరగ కలిపాక చిన్న జాడీ ఒకటి నాకిచ్చింది. హైదరాబాదు వచ్చాక మా ఇంట్లో ఆదివారం రాత్రి అందరం కలిసే తినాలనుకున్నాం. మొదటి ఆదివారం మా అమ్మాయి క్యాబ్ ట్రాఫిక్‌లో ఇరుక్కుంది. తనొచ్చేదాకా ఎవరం కంచం ముట్టలేదు. తినేసరికి పదిన్నరైంది. వడ్డించింది నేను.