కూలర్ గడ్డి మార్చిన రోజు

మే నెల రెండో ఆదివారం, నల్లగొండ

నిన్న 44 డిగ్రీలు. రాత్రంతా కూలర్ తిరిగింది గానీ గాలిల సల్లదనం లేదు, చెరువు అడుగు బురద వాసన ఒక్కటే వచ్చింది. బాపు రెండుసార్లు లేచి మంచం మీద కూసున్నడు. "ఏమైంది బాపూ" అంటే "ఏం లేదు, నువ్వు పండుకో బిడ్డా" అన్నడు. తెల్లారంగనే గడ్డి మార్చాలె అనుకున్న.

జాలీలు ఊడదీసి చూస్తే అది గడ్డి లెక్కనే లేదు. మా బోరు నీళ్లకు ఒక్క ఎండకాలంలోనే తెల్లటి ఉప్పు పేరుకొని పెంకు కట్టింది. వేలుతోటి నొక్కితే పటుక్కున విరిగింది. గాలి ఇంక ఎక్కడికెళ్లి దూరాలె? అంతా తీసి గోనెసంచిల కుక్కి, చాయ తాగి గడియారం సెంటర్ దిక్కు పోయిన.

దుకాణంల రెండు కుప్పలున్నయ్. ఒకటి అందరు కొనే చెక్క పీచు, పసుపచ్చగ, తేలిగ్గ ఉంటది. ఇంకోటి వట్టివేళ్ల పలకలు, ముదురు గోధుమ రంగు. బజార్ల దాన్ని ఖస్ అనే అంటరు. "సారూ, అందరు గిదే తీస్కపోతున్నరు. ఖస్‌ది రేటు మూడింతలు" అని దుకాణాయన ముందే చెప్పిండు. నేను పలక అంచు నుంచి ఒక వేరు గుంజిన. దారం కన్న కొంచెం లావు, కొసకు పోయిన కొద్ది వెంట్రుకోలె సన్నం. విరిస్తే విరగలేదు, వంగింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే పాత సందూక మూత తీసినట్టు కొద్దిగ దుమ్ము వాసన, అంతే. ఆయన సీసాల నీళ్లు నాలుగు చుక్కలు అరచేతిల పోసుకొని ఆ వేరును నలిపిన. అప్పుడు వచ్చింది. అప్పుడే పీకిన పల్లిచెట్టు వేళ్లకు అంటుకున్న మట్టి, ఆ మట్టి వెనుక సన్నటి తీపి. "ఇగ మీరు కొన్నట్టే" అని ఆయన నవ్విండు. రెండే పలకలున్నయ్. రెండూ తెచ్చుకున్న, మూడో వైపుకు చెక్క పీచు.

అక్కడికెళ్లి మసీదు పక్క గల్లీల ఉన్న అత్తరు దుకాణానికి నడిచిన. ఇది కూలర్ పని గాదు, నా సొంత పని. ఏడాదిన్నరగ నాకు ఈ వట్టివేరు సెంట్ల మీద మనసు పడ్డది. ముందటేడు దసరాకు డల్లాస్ నుంచి వచ్చినప్పుడు తమ్ముడు రెండు సీసాలు తెచ్చిండు. ఒకటి ఫ్రెంచి కంపెనీ గెర్లాన్ వాళ్ల వెటివర్, ఇంకోటి లాలిక్ వాళ్ల ఆంక్ర్ నువార్. "అన్నా, ఇవి మగోళ్ల సెంట్లల్ల పెద్ద పేరున్నయ్" అని ఇచ్చిండు. వెటివర్ అంటే ఏందో అని చూస్తే మన వట్టివేరే! తమిళంల వెట్టివేర్, అదే ఫ్రెంచి నోట్లె పడి వెటివర్ అయింది. అప్పటిదాకా నాకు అది కూలర్ పలక, కుండల మూట, మందుల దుకాణంల ఉశీరాసవం. మగోళ్లు మెడకు రాసుకునే ఖరీదైన సీసా అని ఎన్నడు అనుకోలేదు.

ఆ గెర్లాన్ సీసా మూత తీసిన రోజు నాకు బాగ గుర్తుంది. కొట్టుకోంగనే నిమ్మ, నారింజ. బాగనే ఉంది అనుకున్న. కొంచెం సేపటికి జాజికాయ. అరగంట పోయినంక ఏదో పని మీద చెయ్యి మొఖం దగ్గరికి వచ్చింది, నేను నిలబడ్డ చోటనే నిలబడ్డ. తడి వట్టివేరు, దాని కింద పొగాకు. అది మా బాపు అంగీ వాసన.

బాపు ఒక సర్కారు ఆఫీసుల అటెండరు. ఎండకాలం వస్తే ఆయన పని పెద్దసార్ల గదుల కిటికీలకు కట్టిన వట్టివేళ్ల తడకలు తడుపుడు. పొద్దున పదింటి నుంచి సాయంత్రం దాకా బకెట్, చెంబు. లోపలోళ్లకు సల్లగాలి, బయట నిలబడి నీళ్లు పోసేటాయనకు ఎండ. ఇంటికి వచ్చేసరికి ఖాకీ అంగీ చేతులు మోచేతుల దాకా తడిసి ఆరి, మళ్ల తడిసి ఉండేటియి. మధ్యల మధ్యల బీడీ తాగేటోడు గదా, ఆ వాసన కూడ. నేను ఉరికి పోయి కాళ్లు పట్టుకుంటే మొఖం అంగీ కొసలకు తగిలేది. ఆ వాసనకు సెంటని పేరుంటదని, దుకాణంల అమ్ముతరని ఎవరన్నా చెప్తే నేను నమ్మకపోదును.

గెర్లాన్ వెటివర్ 1959ల వచ్చింది, ఝాన్ పోల్ గెర్లాన్ చేసిండు. అదే ఏడు జివాన్షీ కంపెనీ వట్టివేరు సెంటు వచ్చింది, దానికి రెండేళ్ల ముందు 1957ల కార్వెన్ వాళ్లది. అప్పటికి మా బాపు బడికి పోయే పిల్లగాడు. పారిస్‌ల కూసోని ఒకాయన వట్టివేరు కింద పొగాకు పెట్టిండు, ఇక్కడ నల్లగొండల మా బాపు అంగీ మీద తడక, బీడీ కలిసినయ్. ఒకరికొకరు ఎన్నడు తెల్వదు. అయినా రెండూ ఒకటే తీరు వాసన. నాకు ఇది చిన్న సంగతి అనిపించదు.

రెండో సీసా వేరే రకం. ఆంక్ర్ నువార్ అంటే నల్ల సిరా. 2006ల నతాలీ లోర్సన్ చేసింది, సీసా కూడ సిరాబుడ్డి లెక్క నల్లగ, చదరంగ ఉంటది. దాంట్ల నిమ్మ పలకరింపు, నవ్వు లేవు. ఎండ పడని దిగుడుబాయి మెట్ల మీద కూసున్నట్టు ఉంటది. బడికి రాసుకొని పోతే తోటి సారు "ఏందన్నా, మందు వాసన వస్తున్నది" అన్నడు. నాకైతే వానకాలంల అదే ఇష్టం. ఎండకాలంల గెర్లాన్‌దే మంచిగుంటది. మధ్యల ఆన్‌లైన్ల ఒక చవక ఖస్ సీసా కూడ తెప్పించి చూసిన, పచ్చటి షర్బత్‌ను చక్కెరతోటి మరిగించినట్టు ఉన్నది. గంటకు అది కూడ లేదు. వట్టివేరు గంటకు పోయేది గాదు.

ఎందుకు పోదో పదో తరగతి పిల్లలకు చెప్పొచ్చు. నిమ్మ వాసన లిమోనీన్‌ది, దాంట్ల 10 కార్బన్లు. తేలిక గనక తొందరగ ఎగిరిపోతది. వట్టివేరు నూనెల ఖుసిమోల్ అసువంటి అణువులకు 15 కార్బన్లు, బరువు. అవి నెమ్మదిగ లేస్తయ్. అందుకే సెంటు చేసేటోళ్లు మిగిలిన వాసనలను పట్టి ఉంచేటందుకు కూడ దీన్ని అడుగున పోస్తరు. తెల్లారి అంగీ ఉతకబోతే అన్నీ పోయి ఇది ఒక్కటి మిగులుతది.

అత్తరు దుకాణంల చాచా గాజు పుల్లతోటి నా ఎడమ చేతి వెనుక రూహ్ ఖస్ గీత గీసిండు. ఆకుపచ్చ రంగు, చిక్కగ. "రంగు కలిపిందా చాచా" అంటే "లేదు సారూ, రాగి" అన్నడు. అత్తరుకు పేరున్న కన్నౌజ్‌ల డేగ్ అనే రాగి బానల వేళ్లు, నీళ్లు పోసి, మూత చుట్టూర మట్టి మెత్తి కింద పొయ్యి పెడతరు. ఆవిరి వెదురు గొట్టంల నుంచి పోయి నీళ్ల తొట్టిల పెట్టిన భప్కా అనే రాగి కూజాల సల్లబడ్తది. రాగి తగిలి నూనెకు ఆ పచ్చదనం వస్తది. అత్తరు అయితే భప్కాల గంధం నూనె ఉంటది, రూహ్ అంటే వట్టి ఖస్సే. నేను వాసన చూసిన. మొదటి గుక్కకు గాటు, పచ్చి మట్టి, కొంచెం పొగ. దీంట్ల పొగాకూ లేదు, నిమ్మా లేదు, బాపు అంగీ కూడ లేదు. కాని కుండ ఉన్నది. మా నాయినమ్మ ఎండకాలం తెల్లబట్టల వట్టివేళ్లు మూటగట్టి నీళ్లకుండల వేసేది. ఊరి నీళ్లు ఉప్పగ ఉండేటియి. వట్టివేరు పడితే తాగబుద్ధి అయ్యేది. ఆ నీళ్లల్ల ఫ్లోరైడ్ ఉన్నది, ఏ వేరు వేసినా అది పోదు. మా పక్కింటి పెదనాయన నడుము వంగింది ఆ నీళ్లకే. వాసన యాదికి వచ్చినప్పుడల్లా అది కూడ యాదికొస్తది, విడదీయలేను. ఇప్పుడు కృష్ణ నీళ్లు వస్తున్నయ్ గనక మా పిల్లలకు ఆ సంగతి తెల్వదు.

చిన్న సీసా ఒకటి తీసుకున్న. రూహ్ ఖస్ తీసే ఉత్తర దిక్కు అడవి ఖస్ విత్తనం కడ్తది. మన దక్షిణాది రకం విత్తనం కట్టదు, పిలకలు చీల్చి నాటుడే. హైతీల, బయటి దేశాలల్ల నూనె కోసం పెంచేది చాలావరకు ఈ దక్షిణాది రకమే. అంటే సీమ సీసాలల్ల ఉన్నది మన దిక్కు నుంచి చేతులు మారుకుంట సముద్రం దాటిన పిలకల సంతానం. బోడుప్పల్‌ల సీమ్యాప్ అనే సర్కారు ఔషధ, సుగంధ మొక్కల కేంద్రంల మంచి రకాలు దొరుకుతయేమో అడగాలె, ఊర్ల పొలం గట్టుకు వరుసగ పెడితే మట్టి కూడ కోసుకపోదు. వేళ్లు నిలువుగ మూడు మీటర్ల లోతు దాక దిగుతయ్ మరి.

ఇంటికి వచ్చేసరికి పన్నెండు. మా ఆమె జాలీలు కడిగి ఎండబెట్టింది. పలకలు పెట్టి సుతిలి తాడుతోటి కట్టి మోటర్ ఏసిన. నీళ్లు పైనుంచి సన్నగ జారుకుంట వేళ్లను ఒక్కొక్కటిగ నల్లగ చేసినయ్. నిమిషం, రెండు నిమిషాలు. అప్పుడు గదంతా నిండింది.

బాపు కండ్లు మూసుకొని పండుకున్నడు. "తడక తడిపినవా?" అన్నడు.

"కూలర్ బాపూ."

"తడకనే" అన్నడు.

నాకు ఒక ఆశ పుట్టింది. గెర్లాన్ సీసా తెచ్చి దూదికి కొట్టి, నిమ్మ తగ్గేదాక ఆగి, ఆయన ముక్కు దగ్గర పెట్టిన. ఆయన మెల్లగ పీల్చిండు. "సబ్బా?" అన్నడు. "మంచిగున్నది. నిమ్మకాయ ఉన్నది." పొగాకు అనలేదు, తడక అనలేదు. నాకు మొదలు గుండె జారింది. తర్వాత అర్థమైంది, ముప్పై ఏండ్లు ఆ అంగీ తొడుక్కున్నాయనకు ఆ వాసన ఎట్ల తెలుస్తది? అది నాకు తెలిసిన వాసన, మా అవ్వకు తెలిసిన వాసన. ఉతికేది ఆమెనే. దుకాణపోళ్లు వట్టివేరును మగోళ్ల అరల ఎందుకు పెడతరో నాకు సమఝు గాదు, మా ఇంట్లనైతే అది కుండల ఉండె, చీరెల సందూకల ఉండె. కాని నా మట్టుకు నాకు అది మగాయన వాసనే, ఆ అంగీ వల్ల.

నాలుగింటికి కరెంటు పోయింది. గది వేడెక్కుతున్నది. బాపు లేచి, కర్ర పట్టుకొని, బయటికి పోయిండు. ఎటు పోతున్నడా అని పోయి చూస్తే కూలర్ వెనుక నిలబడి చెంబుతోటి పలక మీద నీళ్లు పోస్తున్నడు. అంచు మీద ఒక కొస నుంచి మొదలుపెట్టి, మణికట్టు కొంచెం వంచి, రెండో కొస దాకా ఒకటే ధార. చుక్క బయట పడలేదు. "మొఖం మీద కొట్టొద్దు. పైన పోస్తే కిందికి అదే దిగుతది" అని నాకు చెప్పిండు. చెంబు తీసుకుంటనంటే ఇవ్వలేదు. నేను బకెట్ నింపి ఇచ్చుకుంట నిలబడ్డ. గాలి వచ్చినప్పుడల్లా కిటికీ లోపటికి ఆ వాసన పోతున్నది, లోపలి నుంచి మా ఆమె "అబ్బ, సల్లగొస్తున్నది మామా" అన్నది. ఆయన మాట్లాడలేదు గాని ఇంకో చెంబు పోసిండు.

కరెంటు వచ్చి లోపలికి వచ్చేసరికి ఆయన బనీను పొట్ట దగ్గర తడిసి ఉన్నది. తుడవడానికి వంగిన. బీడీ మానేసి పదేండ్లయింది, పొగాకు లేదు. మిగిలింది అంతా ఉన్నది.

ఇప్పుడు రాత్రి పది. ఎడమ చేతి మీద రూహ్ ఖస్ పొద్దున గాటు పోయి మెత్తగ, తియ్యగ ఉన్నది, పదకొండు గంటలు దాటినా. కుడిచేతికి మధ్యాహ్నం అంటిన గెర్లాన్‌ల నిమ్మ జాడ లేదు. బాపు నిద్రపోయిండు, ఒక్కసారి కూడ లేవలేదు. మూడో వైపు నుంచి మాత్రం చెక్క పీచు గాలే వస్తున్నది, తేడా తెలుస్తున్నది. దుకాణాయన రేపు ఇంకో పలక తెప్పిస్తనన్నడు. బాపు కూడ వస్తనన్నడు, వేరు చూసి తీసుకోవాలెనట.